నాలుగు చిట్టాల్లోంచి ఒక టేపు

మా వదిన హైదరాబాద్‌లో కూర్చుని, సముద్రం అవతల ఉన్న ఒక సంస్థ మెయిన్‌ఫ్రేమ్‌లో టేపులు చూసుకుంటుంది. ఆ టేపుల్ని చేత్తో ముట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు, ఎందుకంటే అవి వస్తువులు కావు. ఈ మధ్య పనికిరాని పాత టేపుల్ని, వాళ్ల మాటలో వాల్యూముల్ని, తీసేసే పని ఆమె నెత్తిన పడింది. తెర చూపించమంటే ఒప్పుకోలేదు. "క్లయింటు డేటా, చూపించకూడదు" అని కరెంటు బిల్లు వెనకవైపు పెన్నుతో గీసి చెప్పింది. ఆ గీతల్లో కనిపించిన పనితనం గురించే ఈ నాలుగు మాటలు.

ముందు ఈ లేని టేపు ఎలా పుట్టిందో చెప్పాలి. 1984లో ఐబీఎం తెచ్చిన 3480 కార్ట్రిడ్జ్‌లో 200 మెగాబైట్లు పట్టేవి. 1995 నాటి 3590లో 10 గిగాబైట్లు పట్టేవి. కానీ రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబులు మాత్రం పాత అలవాటు ప్రకారం టేపుకొక చిన్న ఫైలు రాసి, మిగతాదంతా ఖాళీగా వదిలేసేవి. బిందెడు పట్టే చోట గ్లాసెడు పోసినట్టు. దీనికి మందుగా 1997లో వర్చువల్ టేప్ సర్వర్ వచ్చింది. 2006 నుంచి ఆ వంశంలో టీఎస్7700 నడుస్తోంది. జాబు "ఫలానా టేపు మౌంట్ చెయ్యి" అంటుంది. యంత్రం "చేశాను" అంటుంది. నిజానికి ఆ రాతంతా డిస్కు మీదికి వెళుతుంది. డిస్కు వెనక టేపు లైబ్రరీ కూడా ఉన్న మోడల్ అయితే, తర్వాత అలాంటి వందలాది వాల్యూములు ఒకే అసలు కార్ట్రిడ్జ్ మీదికి వరసగా చేరతాయి. జాబుకి ఈ సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

అంటే ఈ టేపుకి ఒళ్లు లేదు, చిట్టాల్లో పేరు మాత్రమే ఉంది. ఆ పేరు ఆరు అక్షరాల వోల్సర్, ఏ00417 లాంటిది. అది నాలుగు చోట్ల రాసి ఉంటుంది. ఏ డేటాసెట్, అంటే ఏ ఫైలు, ఏ టేపు మీద ఉందో చెప్పే కేటలాగ్ ఒకటి. గడువు, యజమాని వివరాలు పెట్టుకునే ఆర్ఎంఎం అనే టేపు నిర్వహణ సాఫ్ట్‌వేర్ రికార్డులు రెండోది. టేపు ఏ లైబ్రరీలో ఉంది, ఒకరి డేటా ఉన్న ప్రైవేటా, ఖాళీ స్క్రాచా అని చెప్పే వాల్యూమ్ కేటలాగ్ మూడోది. అందులో వోల్సర్ ముందు ఒక 'వి' తగిలించి రాస్తారు. నాలుగోది యంత్రం సొంత డేటాబేసు.

పొలం సంగతి తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. పాసుపుస్తకంలో ఒక పేరు, పహాణీలో ఒక పేరు, రిజిస్ట్రారు దగ్గరి దస్తావేజులో మరో పేరు ఉంటే ఆ పొలం కోర్టు మెట్లెక్కుతుంది. టేపూ అంతే. యంత్రంలో చెరిపి కేటలాగ్‌లో వదిలేస్తే, ఏడాది తర్వాత ఏదో జాబు ఆ టేపు కావాలని అడిగి, దొరక్క పడిపోతుంది. చిట్టాల్లో చెరిపి యంత్రంలో వదిలేస్తే, ఎవరూ అడగని డేటా ఎవరికీ చెందకుండా జాగా తింటూ కూర్చుంటుంది. చెరపడం చిటికెలో పని, నాలుగింటినీ ఒక మాట మీదికి తేవడమే అసలు పని.

వదిన పని ముందు గడువు తేదీల దగ్గర మొదలవుతుంది. కాగితం మీద 99365 అని రాసి, "ఇదేంటో చెప్పు" అంది. 1999వ సంవత్సరం, 365వ రోజు. పాతకాలపు ప్రోగ్రామర్లకి అంతకన్నా దూరపు తేదీ తోచలేదు. అందుకే 'ఎప్పటికీ తీసేయొద్దు' అనడానికి గుర్తుగా దాన్నే వాడారు. ఆ డిసెంబరు 31 వచ్చి వెళ్లిపోయింది. ఆ టేపుల గడువు మాత్రం తీరలేదు, సిస్టం ఇప్పటికీ ఆ అంకెని శాశ్వతమనే చదువుతుంది. ఆ వైటూకే రోజుల్లోనే అమీర్‌పేటలో జేసీఎల్, కోబాల్ నేర్చుకుని ఈ పనిలోకి వచ్చింది మా వదిన. కాబట్టి అలాంటి టేపు ఎదురైతే ఆమె సిస్టంని అడగదు, మనిషిని అడుగుతుంది. ఈ డేటా ఎవరిది, చట్టం ప్రకారం ఎన్నేళ్లు ఉంచాలి, ఆ విభాగం ఇంకా ఉందా? జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా ఆ టేపుని ముట్టుకోదు.

తర్వాత జాబితా. ఆర్ఎంఎంలో వాల్యూములు వెతికే ఆజ్ఞకి ఒక చక్కని సౌకర్యం ఉంది. దొరికిన ప్రతి వోల్సర్‌కీ ముందూ వెనకా మనమిచ్చిన మాటలు తగిలించి, వరుసకొక ఆజ్ఞ చొప్పున ఫైల్లో పెట్టేస్తుంది. వేల టేపులకి వేల ఆజ్ఞలు తయారు, చేత్తో రాసే పని లేదు, రాతలో తప్పు దొర్లే వీలూ లేదు. తొందరపడేవాళ్లు ఆ ఫైలుని అక్కడికక్కడే నడిపేస్తారు. వదిన దాన్ని చదువుతుంది. ఒక్కోసారి ఒక డేటాసెట్ ఒక టేపులో పట్టక రెండో టేపుకీ మూడో టేపుకీ సాగి ఉంటుంది. అలాంటి గొలుసులో ఏ ఒక్క టేపు జాబితాలోకి జారినా మొత్తం డేటాసెట్ పాడవుతుంది. అందుకని గొలుసు తలా తోకా చూసుకుంటుంది.

ఆమె చెప్పినవాటిలో నాకు బాగా నచ్చింది ఇంకొకటి. పొద్దున తీసిన జాబితా సాయంత్రానికి పాతబడుతుంది. స్క్రాచ్ అంటే 'ఖాళీ, ఎవరైనా వాడుకోవచ్చు' అని. మన జాబితాలోని స్క్రాచ్ టేపుని ఈలోగా ఏ బ్యాచ్ జాబైనా అందుకుని, కొత్త డేటా రాసేసుకోవచ్చు. అందుకే నడిపే ముందు ఆమె మళ్లీ జాబితా తీసి, పాతదానితో పోల్చి, రెండింట్లోనూ ఉన్నవే ఉంచుతుంది. ముందు పది మాత్రమే నడిపి ఒక రోజు ఆగుతుంది. వేలు తర్వాత.

చివరి ఆజ్ఞ పేరు ఎజెక్ట్. రోబో చేయి ఉన్న పాత లైబ్రరీలో ఆ మాటకి అర్థం సూటిగా ఉండేది. చేయి కార్ట్రిడ్జ్‌ని అరలోంచి తీసి తలుపు దగ్గర పెట్టేది, ఆపరేటర్ వచ్చి పట్టుకెళ్లేవాడు. పొరపాటైతే మళ్లీ లోపల పెట్టేవాడు. వర్చువల్ టేపుకీ అదే ఆజ్ఞ, కానీ బయటికి రావడానికి వస్తువు లేదు. ఇక్కడ ఎజెక్ట్ అంటే చెరిపివేత, తిరిగి రాదు. మాట మారలేదు, ప్రమాదం మారింది. ఈ యంత్రాన్ని చేసినవాళ్లకీ ఆ సంగతి తెలుసు. ప్రైవేట్‌గా ఉండి, లోపల చెల్లుబాటయ్యే డేటా ఉన్న వాల్యూమ్‌ని ఎజెక్ట్ చేయమంటే యంత్రం కుదరదంటుంది. చెరిపే తొందర మనిషిదైనా, ఆఖరి గడియ యంత్రం చేతిలో ఉంది. ఆ గడియని నమ్ముకుని పని చేయకపోవడం వదిన పద్ధతి. ఒక్క ఎజెక్ట్ తిరస్కరణకి గురైనా, తన జాబితాలో తప్పు దొర్లిందనే లెక్క. ఎందుకో తేలేదాకా మిగతావి ఆపేస్తుంది.

అంతా అయ్యాక సరిచూసే జాబు ఒకటి నడుపుతుంది. ఆర్ఎంఎం రికార్డుల్నీ, వాల్యూమ్ కేటలాగ్‌నీ, యంత్రం డేటాబేసునీ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న పేర్లు మాత్రమే బయటపెట్టే జాబు అది. తీసేసిన వోల్సర్లలో ఒక్కటీ ఆ రిపోర్టులో కనపడకూడదు.

"మరి ఎంత జాగా మిగిలింది వదినా?" అని అడిగాను.

నవ్వింది. అసలు కార్ట్రిడ్జ్ మీద ఆ బైట్లు ఇంకా అలాగే ఉంటాయట. పోయింది వాటి మీద హక్కు మాత్రమే. ఒక కార్ట్రిడ్జ్‌లో పనికొచ్చే భాగం బాగా తగ్గిపోయాక, యంత్రమే తీరిక చూసుకుని ఆ మిగిలినదాన్ని ఇంకో కార్ట్రిడ్జ్‌లోకి మార్చి, మొదటిదాన్ని ఖాళీ చేస్తుంది.

"ఇవాళ అడిగితే ఏం చెప్పను? వచ్చే నెల అడుగు" అని, కరెంటు బిల్లు తిప్పి కట్టాల్సిన తేదీ చూసుకుంది.