గోన గన్నారెడ్డి నవలయందలి రహస్యము

చరిత్రపురుషులను పాత్రలుగా గొని రహస్యకథ నల్లు రచయితకు ఒక చిక్కు గలదు. కేవల కల్పితకథయందు కథాంతమును దాచవచ్చును. చరిత్రకథయందు అది సాధ్యము గాదు. గణపతిదేవుని కూతురు రుద్రమదేవి ఓరుగల్లు సింహాసన మెక్కెనని బడిపిల్లలును ఎఱుగుదురు. కావున రచయిత దాచదగిన దేమి? అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి' ఈ ప్రశ్నకు చెప్పిన సమాధానము పరిశీలింపదగినది.

రుద్రమ పురుషవేషమున రుద్రదేవుడై పెరుగుట సామంతులకు రహస్యమేగాని పాఠకునకు గాదు. అందుచేత బాపిరాజుగారు మన కుతూహలమును గన్నారెడ్డి మీదికి మరల్చిరి. పెండ్లిపందిరినుండి వరుని వరదారెడ్డిని ఎత్తుకొనిపోయిన ఈ గజదొంగ రాజద్రోహియా, రాజభక్తుడా? అతడు చేసినది తెలియును. ఏల చేసెనో తెలియదు. ఫలము తెలిసినచోట ఆశయమును దాచుట ఈ నవలలోని నేర్పు.

జంగారెడ్డిగూడెమున ఈ నవల చదివిన విద్యార్థి యొకడు, "గన్నారెడ్డి నిజముగా దొంగయేనా, మేష్టారూ?" అని నన్నడిగెను. 2015లో వెలువడిన 'రుద్రమదేవి' చలనచిత్రమువలన ఈ భ్రమ మఱింత వ్యాపించినది. రాయచూరు కోటలోని 1294వ సంవత్సరపు శాసనము గన్నయరెడ్డిని ఆ కోటగోడల నిర్మాణముతో సంబంధముగల ప్రభువుగా చూపుచున్నది. దొంగ బాపిరాజుగారి సృష్టి. ఇది దోషము గాదు. శిల మౌనము వహించినచోట కల్పనకు చోటు గలదు. దానిని చరిత్రగా బోధించుటయే దోషము.

శిల పలికినచోట మాత్రము నవల కొంత పలుచబడినది. రుద్రమ భర్తయైన చాళుక్య వీరభద్రుడు నిడదవోలు వంశమువాడు. 2022 వఱకు నిడదవోలును మా జంగారెడ్డిగూడెమును ఒకే జిల్లాలోనివి. ఆ వివాహముచే ఓరుగల్లునకు గోదావరీతీరముతో బంధుత్వము కలిగెను. ఇట్టి సంబంధముల విషయమున నవలయందు ప్రణయమునకు దొరికిన విరివి రాజనీతికి దొరకలేదు.

సాక్ష్యములన్నియు సమానములు గావు. మార్కోపోలో రుద్రమను రాజు భార్యగా, విధవగా వ్రాసెను. విద్యానాథుని 'ప్రతాపరుద్రీయము' ఆమెను గణపతిదేవుని కూతురనుచున్నది. పరదేశి వినికిడికంటె ఆస్థానకవి మాట ఇచట ప్రమాణమైనది. రహస్యకథలో సాక్షుల మాటలను తూచునట్లే చరిత్రకారుడును తూచవలెను.

వీనికంటె గొప్ప రహస్యము చందుపట్లలో దొరకినది. 1289వ సంవత్సరపు ఆ శాసనమున ఒక బంటు, రుద్రమదేవియు సేనాని మల్లికార్జుననాయకుడును శివలోకము చేరిరనియు, వారి పుణ్యమునకై భూదానము చేసితిననియు చెప్పుచున్నాడు. ఎట్లు మరణించిరో చెప్పలేదు. అంబదేవుని తిరుగుబాటులో ఇరువురును హతులైరని పరిశోధకులు ఊహించిరి. 1952లో గతించిన బాపిరాజుగారి కీ శాసనము లభింపలేదు. లభించినచో గన్నారెడ్డి ముసుగుకంటె గంభీరమైన ప్రశ్న ఆయన చేతికి చిక్కియుండెడిది.

కావున ఉపాధ్యాయులకు నా మనవి యిది. ఈ నవలను పిల్లలచే తప్పక చదివింపుడు. ఇట్టి ఉత్సాహమును పాఠ్యగ్రంథములు కలిగింపజాలవు. అటుపిమ్మట రాయచూరు, చందుపట్ల శాసనములను వారి ముందుంచి, ఏది శిల పలికినదో, ఏది కవి పలికినదో వారినే విడదీయుమనుడు. నన్నడిగిన విద్యార్థికి నేను చెప్పిన సమాధానమును ఇదియే.