గుమ్మం దగ్గర గవ్నర్

‘లాక్, స్టాక్ అండ్ టూ స్మోకింగ్ బ్యారెల్స్’ సినిమాలో బ్యారీ ద బాప్టిస్ట్ అనేవాడు ఇద్దరు చిల్లర దొంగలకు ఓ పని అప్పగిస్తాడు. ఫలానా ఇంట్లో పాతకాలపు తుపాకులున్నాయి, అవి మావి, మిగతా ఏం దొరికినా మీవి. అంతే సంగతి. బ్యారీ చెయ్యెత్తడు, గొంతు కూడా పెద్దగా పెంచడు. అయినా ఈ పని చెడగొడితే ఏమవుతుందో ఆ దొంగలకీ తెలుసు, చూస్తున్న మనకీ తెలుసు. మనుషుల్ని నీళ్లలో ముంచేస్తాడు గనుక వాడికి ఆ పేరు. ఆ వేషం వేసిన లెన్నీ మెక్‌లీన్ ఏ నటనా పాఠశాల గడపా తొక్కలేదు. లైసెన్సు లేని బాక్సింగ్ రింగుల్లోనూ, లండన్ నైట్‌క్లబ్బుల గుమ్మాల దగ్గరా పాతికేళ్లు గడిపి వచ్చాడు.

అతని గురించి మాట్లాడేవాళ్లంతా పిడికిళ్ల దగ్గరే ఆగిపోతారు. కెమెరాకు పనికొచ్చింది ఆ పిడికిళ్లు కావు, గుమ్మం దగ్గర నేర్చిన విద్య అంటాను నేను.

లెన్నీ 1949 ఏప్రిల్ 9న తూర్పు లండన్‌లోని హాక్స్‌టన్‌లో పుట్టాడు. అప్పట్లో అది కూలీనాలీ జనం పేట. తండ్రి చిన్నప్పుడే పోయాడు. మారుతండ్రి పిల్లల్ని ఎముకలు విరిగేలా కొట్టేవాడు. చివరికి ఆ పేటలో పేరుమోసిన వస్తాదు, వరసకు తాతయ్యే జిమ్మీ స్పింక్స్, వచ్చి ఆ మారుతండ్రికి బడితెపూజ చేశాక గానీ ఆ బాధ తీరలేదు. తనకంటే పెద్దవాడి చేతిలో తన్నులు తినడం, అంతకంటే పెద్దవాడు వచ్చి కాపాడడం: పిల్లాడు నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. అందులో మంచి ఎంత, చెడు ఎంత అన్నది అతని జీవితమంతా తేలలేదు.

లైసెన్సు లేని బాక్సింగ్ అంటే చీకటి సందులో జరిగే కొట్లాట అనుకుంటాం. అది కాదు. ఒట్టి చేతులతో పందేనికి కొట్టుకోవడం నేరమని ఇంగ్లండ్ న్యాయస్థానం 1882లోనే తేల్చేసింది. ఇద్దరూ ఒప్పుకుని దిగినా సరే, కుదరదంది. గ్లవ్స్ తొడుక్కుని ఆడే బాక్సింగ్‌కు 1929 నుంచి బ్రిటిష్ బాక్సింగ్ బోర్డ్ ఆఫ్ కంట్రోల్ లైసెన్సులిస్తోంది. ఈ రెంటికీ మధ్య ఒక ఖాళీ జాగా ఉండిపోయింది. గ్లవ్స్ ఉంటాయి, రింగ్ ఉంటుంది, రిఫరీ ఉంటాడు, టికెట్లూ అమ్ముతారు. బోర్డు ముద్ర మాత్రం ఉండదు. జైలుకెళ్లొచ్చినవాళ్లు, వయసు మీరినవాళ్లు, బోర్డు వద్దన్నవాళ్లు ఆ జాగాలోకి వచ్చి చేరారు. దోపిడీ కేసులో 18 ఏళ్ల శిక్ష పడ్డ రాయ్ షా అలా వచ్చినవాడే. 1975లో విండ్సర్ దగ్గర సర్కస్ డేరాలో అతను ఆడిన పోరును ఒట్టి చేతులదనే ప్రచారం చేశారు. చట్టం అడ్డొచ్చి గ్లవ్స్ తొడగాల్సివచ్చింది. పోరు మాత్రం క్షణాల్లో ముగిసింది.

1977లో క్రాయ్‌డన్‌లో లెన్నీ మొదటిసారి షాతో తలపడి ఓడిపోయాడు. గ్లవ్స్‌లో ఏదో మోసం జరిగిందని తర్వాత చెప్పుకున్నాడు గానీ, అసలు కారణం ఆయాసం అనిపిస్తుంది. 120 కిలోలు దాటిన మనిషి మొదటి నిమిషాల్లోనే ఉన్నదంతా ఖర్చుపెట్టేస్తే ఆ తర్వాత చేతులు లేవవు. మరుసటి ఏడాది రెండుసార్లు తలపడి రెండుసార్లూ మొదటి రౌండ్‌లోనే షాను పడగొట్టాడు. వాటిలో ఒకటి ఫిన్స్‌బరీ పార్క్‌లోని రెయిన్‌బో థియేటర్‌లో జరిగింది. ఆ వీడియోలు చూస్తే పద్ధతి అర్థమవుతుంది. శిక్షణ పొందిన బాక్సర్ ఎడమ చేత్తో దూరం కొలుస్తాడు, అడుగులతో కోణం మారుస్తాడు. లెన్నీ ఆ దూరాన్నే ఉండనివ్వడు. ఎదుటివాడి మీదికి ఎక్కేసి, బరువుతో తాళ్లకు నొక్కిపెట్టి, కుడి చేత్తో పొట్టి దెబ్బలు వరసగా కురిపిస్తాడు. ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకపోవడమే ఆ ఆటకు ప్రాణం. దాన్ని కళ అనడానికి నాకు నోరు రాదు, కానీ అది గుడ్డి కోపం మాత్రం కాదు.

వేలకొద్దీ కొట్లాటల్లో గెలిచానని లెన్నీ చెప్పుకునేవాడు. లైసెన్సు లేనిచోట లెక్కలు రాసేవాళ్లు ఉండరు, కాబట్టి ఎంత చెప్పినా చెల్లుతుంది. అంతకుముందు లైసెన్సుతో ఆడిన క్లిఫ్ ఫీల్డ్స్ చేతిలో రెండుసార్లు దెబ్బతిన్న మాటను మాత్రం అభిమానులు అంత గట్టిగా తలచుకోరు.

రింగులో వచ్చే డబ్బు ఎప్పుడో ఒకప్పుడు వచ్చేది. ఇల్లు గడిచింది గుమ్మం కాపలాతోనే. క్యామ్‌డెన్ ప్యాలెస్, లెస్టర్ స్క్వేర్ పక్కన హిప్పోడ్రోమ్ లాంటి పేరున్న క్లబ్బుల దగ్గర అతను పెద్ద బౌన్సరు. మన దగ్గర బౌన్సర్ అనగానే సినిమా ఫంక్షన్లలో జనాన్ని నెట్టుకుంటూ పోయే నల్ల చొక్కాలు గుర్తొస్తాయి. 2024 డిసెంబరులో సంధ్య థియేటర్ తొక్కిసలాట తర్వాత హైదరాబాద్ పోలీసులు బౌన్సర్లను బాహాటంగానే హెచ్చరించారు. నిజానికి నెట్టడం ఈ పనిలో చిట్టచివరి మెట్టు. అక్కడిదాకా వచ్చిందంటే ముందు మెట్లన్నీ తప్పాయన్నమాట.

అనుభవమున్న బౌన్సర్ వరసలో నిలబడ్డవాళ్ల ముఖాలకంటే చేతులు ముందు చూస్తాడు. ఏ చెయ్యి జేబులో ఉంది, ఏ చేతిలో సీసా ఉంది, ఎవరు అవతలివాడి భుజం వెనక దాక్కుంటున్నారు. గొడవపడేవాడికి ఎదురుగా నిటారుగా నిలబడడు, ఒక అడుగు వెనక్కేసి కాస్త పక్కకు తిరుగుతాడు. దెబ్బ తగిలే మేర తగ్గుతుంది, బెదిరిస్తున్నట్టూ ఉండదు. అరచేతులు తెరిచి గుండె ఎత్తున ఉంచుతాడు. చూసేవాళ్లకు నచ్చజెబుతున్నట్టుంటుంది, అవసరమైతే అవే చేతులు అడ్డు. గొంతు తగ్గిస్తాడు, ఎందుకంటే అవతలివాడు వినాలంటే తన అరుపు తానే ఆపుకోవాలి. గుంపులో ఉన్నవాణ్ని గుంపు ముందు తిట్టడు, పక్కకు పిలుస్తాడు. స్నేహితుల ఎదుట పరువు పోయినవాడు దెబ్బలకు కూడా సిద్ధపడతాడు మరి. వీటన్నిటికంటే ముఖ్యం, తిరిగి వెళ్లిపోవడానికి వాడికో సాకు అందించడం. ఇవాళ్టికి పోనీ, రేపు రా, నేనే లోపలికి పంపిస్తాను అంటే చాలు, సగం గొడవలు అక్కడే చల్లారతాయి.

ఈ మాటలన్నీ పనిచేయాలంటే వాటి వెనక ఒక పేరుండాలి. గవ్నర్, అంటే అందరికీ పెద్ద, అని పిలిపించుకున్న లెన్నీ లాంటి మనిషి మెల్లగా మాట్లాడితే ఆ మెల్లదనానికే బరువొస్తుంది. రింగులో తిన్న దెబ్బలకూ కొట్టిన దెబ్బలకూ అసలు ప్రతిఫలం ఇదే. అక్కడి పేరు మూలధనం, గుమ్మం దగ్గర తిన్నది దాని మీద వడ్డీ.

ఆ నేర్పు దారుణంగా తప్పిన రాత్రి కూడా ఉంది. 1991లో హిప్పోడ్రోమ్‌లో ఓ యువకుడు బట్టలు విప్పేసి అయోమయంలో తిరుగుతుంటే లెన్నీ కొట్టాడు, అతని దవడ విరిగింది. ఆ తర్వాత అతను చనిపోయాడు. లెన్నీ మీద హత్యానేరం మోపారు. పోలీసులు మెడ పట్టి అదిమిన తీరే చావుకు కారణమని లెన్నీ పక్షం వాదించింది. చంపాడన్న అభియోగం నుంచి బయటపడ్డాడు గానీ, కొట్టి గాయపరిచినందుకు 18 నెలల శిక్ష పడింది. మతి స్థిమితంలో లేని మనిషికి పేరు చూసి భయపడాలని తెలియదు, సాకు అందించినా అందుకోలేడు. అక్కడ కావాల్సింది ఓపికా, ఒక దుప్పటీ. లెన్నీని వీరుడిగా పొగిడే రాతలు ఈ భాగాన్ని ఒక్క వాక్యంలో దాటేయడం నాకు మింగుడుపడదు.

జైలు తర్వాత నటన. కస్టమ్స్ అధికారుల కథతో వచ్చిన ‘ద నాక్’ టీవీ ధారావాహికలో దుండగుడి పాత్ర, 1997లో ‘ద ఫిఫ్త్ ఎలిమెంట్’లో చిన్న పోలీసు వేషం. తర్వాత గై రిచీ తన తొలి పెద్ద సినిమాకు నటన తెలిసినవాళ్లను మాత్రమే వెతకలేదు. ఫుట్‌బాల్ ఆటగాడు విన్నీ జోన్స్, వీధుల్లో సరుకమ్మిన జేసన్ స్టాతమ్, వాళ్ల పక్కన లెన్నీ. మన శ్రీహరి ఫైటర్‌గా సెట్లోకొచ్చి కథానాయకుడిదాకా ఎదిగినప్పుడు కూడా ఒళ్లు ముందు పలికింది, మాట తర్వాత తోడయింది. లెన్నీకి మాత్రం ఆ మాట గుమ్మం దగ్గరే సిద్ధమై ఉంది. ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ ఆగడం, జవాబు కోసం తొందరపడకపోవడం, చివరి మాటను కిందికి దించి వదలడం, ఇవన్నీ అతను ఏళ్లపాటు ప్రతి రాత్రీ చేసినవే. ఇదే కథలోంచి హిందీలో ‘ఫిర్ హేరా ఫేరీ’ చాలా తీసుకుంది గానీ, బ్యారీ నిబ్బరం దాని చేతికి రాలేదు.

షూటింగ్ రోజుల్లో జ్వరమనుకున్నది ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది, మెదడుకూ పాకింది. 1998 జులై 28న, 49 ఏళ్లకు పోయాడు. నెల తర్వాత సినిమా విడుదలైంది. దాన్ని అతనికే అంకితమిచ్చారు. పీటర్ జెరార్డ్‌తో కలిసి రాసిన ఆత్మకథ అదే ఏడాది వేడివేడిగా అమ్ముడుపోయింది. 2017లో అతని జీవితం మీద ‘మై నేమ్ ఈజ్ లెన్నీ’ తీశారు. అందులో రాయ్ షాగా వేసింది యూఎఫ్‌సీ మాజీ విజేత మైకేల్ బిస్పింగ్.

లెన్నీ కాపలా కాసిన కాలంలో ఇంగ్లండ్‌లో బౌన్సర్లకు దేశమంతటికీ చెల్లే లైసెన్సు లేదు. అంటే రింగులోనే కాదు, గుమ్మం దగ్గరా అతను ఆ ముద్ర లేనివాడే. 2001లో చట్టం తెచ్చి, దాని కింద సెక్యూరిటీ ఇండస్ట్రీ అథారిటీని పెట్టారు. హిప్పోడ్రోమ్ 2012 నుంచి క్యాసినో. ఇప్పుడు లండన్‌లో ఏ క్లబ్బు గుమ్మం దగ్గర నిలబడాలన్నా ముందు తరగతిలో కూర్చుని పరీక్ష రాయాలి. గొడవను మాటతో ఎలా తగ్గించాలి, ఎంత దూరంలో నిలబడాలి, చేతులెక్కడ ఉంచాలి, తాగినవాడితోనూ మతి తప్పినవాడితోనూ ఎలా మెలగాలి అన్నవి అక్కడి పాఠాలు. పట్టుకోక తప్పనప్పుడు ఊపిరాడకుండా చేయని పట్లు ఏవో కూడా నేర్పుతారు.