పెక్కు వాకిళ్ల విద్య: విష్ణుశర్మ నుండి గిజుభాయి వరకు

పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రిక ఒక తండ్రి దిగులుతో ఆరంభమగుచున్నది. పాటలీపుత్రమును ఏలు సుదర్శన మహారాజు కొడుకులకు చదువు అబ్బలేదు. రాజు పండితులను పిలిపించి తన గోడు చెప్పుకొనగా విష్ణుశర్మ ముందుకు వచ్చి ఆ బాలురను నీతివిదులను చేయుదునని మాట యిచ్చినాడు. సూరికి మూలాధారమైన హితోపదేశములోను, దానికి మూలమైన పంచతంత్రములోను ఇందుకు పెట్టిన గడువు ఆరు నెలలు. పంచతంత్రములో నగరము మహిళారోప్యము, రాజు అమరశక్తి, కొడుకులు ముగ్గురు. వ్యాకరణ మొక్కటే నేర్చుటకు పన్నెండేండ్లు పట్టునని అక్కడి కొలువులో లెక్క చెప్పినారు. ఎనుబదేండ్ల విష్ణుశర్మ ఆ లెక్కను ప్రక్కకు నెట్టి కథ చెప్ప నారంభించినాడు.

ఈ పీఠికను పాఠకులు సాధారణముగా కథలలోనికి ప్రవేశించుటకు ఒక నెపముగా మాత్రమే చూచెదరు. నిజమునకు ఇందులో ఒక గట్టి ప్రశ్న కలదు. పన్నెండేండ్లకైనను పట్టుపడదనుకొన్న చదువు ఆరు నెలలలో ఎట్లు పట్టుపడినది? బాలురకు కొత్త బుద్ధి పుట్టలేదు. గురువు తెరచిన వాకిలి వేరు. అట్లయిన మందబుద్ధి యన్న మాట ఆ బాలురకు చెందునా, వారికి మునుపు చెప్పిన చదువునకు చెందునా?

ఇరువదవ శతాబ్దపు మనస్తత్వ శాస్త్రము ఈ ప్రశ్ననే మరియొక భాషలో అడిగినది. 1904లో చార్లెస్ స్పియర్‌మన్ అన్ని సామర్థ్యముల వెనుక ఒకే సామాన్య ప్రజ్ఞ యున్నదని ప్రతిపాదించినాడు. మరుసటి యేట పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, చదువులో ప్రత్యేక సాయము కావలసిన పిల్లలను గుర్తించుటకై ఒక పరీక్షను సిద్ధపరచినాడు. సాయము కొరకు పుట్టిన ఆ కొలత అనతికాలములోనే పిల్లవాని నుదుట వ్రాసిన అంకె యైనది. 1983లో అమెరికా మనస్తత్వవేత్త హోవర్డ్ గార్డ్‌నర్ ఆ అంకెపై తిరుగుబాటు చేసినాడు. ప్రజ్ఞ యొకటి కాదు, ఏడు అని ఆయన వాదము: భాష, గణిత తర్కము, సంగీతము, దేహచలనము, స్థలభావన, పరులను గ్రహించు శక్తి, తన్ను తాను గ్రహించు శక్తి. పిదప ప్రకృతిని గుర్తెరుగు శక్తిని ఎనిమిదవదిగా చేర్చినాడు.

లెక్కలు రాక వెనుకబెంచీలో కూర్చున్న బాలునకు ఈ వాదము గొప్ప ఊరట. ఉపాధ్యాయులు దీనిని ఆదరముతో స్వీకరించుటకు కారణ మదియే. మనస్తత్వ శాస్త్రజ్ఞులలో పలువురు మాత్రము దీనిని అంగీకరింపలేదు. ఈ సామర్థ్యములు ఒకదానితో నొకటి ముడివడియే యుండునని వారి ఆక్షేపణ. అంతకంటె పెద్ద చిక్కు ఆచరణలో వచ్చినది. ఈ బాలుడు చూచి నేర్చువాడు, ఆ బాలిక విని నేర్చునది, మరియొకడు చేతితో చేసి నేర్చువాడు అని పిల్లలను తెగలుగా విభజించి, ఒక్కొక్క తెగకు ఒక్కొక్క పాఠము చెప్పవలెనను పద్ధతి గార్డ్‌నర్ పేర ప్రచారమైనది. ప్రజ్ఞలు వేరు, నేర్చుకొను తీరులు వేరు అని ఆయనయే స్పష్టము చేయవలసి వచ్చినది. 2008లో హెరాల్డ్ పాష్లర్ మొదలగు నలుగురు శాస్త్రజ్ఞులు అంతవరకు జరిగిన పరిశోధనలను పరిశీలించి, తెగకు తగిన బోధ వలన ఫలము హెచ్చునని చెప్పుటకు తగిన ఆధారము లేదని తేల్చినారు.

ఇప్పుడు విష్ణుశర్మ వద్దకు మరలి చూచిన, ఆయన ప్రతిభ యెక్కడ నున్నదో తెలియును. ఆయన రాకుమారులను తెగలుగా విభజింపలేదు. అందరికిని ఒకే కథ చెప్పినాడు. కాని ఆ కథకు వాకిళ్లు పెక్కు. మిత్రలాభములో తాబేలు మంథరుడు వేటకానికి చిక్కినప్పుడు లేడి చిత్రాంగుడు చచ్చినట్లు పడియుండును. కాకి లఘుపతనకుడు దాని కన్నులు పొడుచుచున్నట్లు నటించును. వేటకాడు తాబేటిని దించి లేడికై పరుగిడగానే ఎలుక హిరణ్యకుడు త్రాడు కొరుకును. నటన ఒకనిది, ఎగురుట ఒకనిది, పంటి బలము ఒకనిది. ఏ యొక్కని నేర్పును ఒంటరిగా తాబేటిని విడిపింపజాలదు. ప్రజ్ఞలు పెక్కన్న మాటకు ఇంతకంటె చక్కని దృష్టాంతము దొరకదు. వినువారిలో ఒకడు ఉపాయమును చూచును, ఒకడు స్నేహమును చూచును, మరియొకడు నీటి యొడ్డున లేడి పడియున్న చిత్రమునే చూచును. ముగ్గురును చేరునది ఒకే నీతికి.

అయినను ఆ గ్రంథమునకు ఒక హద్దు కలదు. హితోపదేశపు విష్ణుశర్మ ధైర్యమునకు చూపిన హేతువు బాలుర కులము: గొప్ప వంశమున పుట్టినవారు గనుక వీరికి చదువు వచ్చును, కొంగకు చిలుక పలుకులు రానట్లు అపాత్రునకు రాదు అని ఆయన భావము. పాత్రత పుట్టుకలో నున్నదనుకొన్న గురువు రాజాస్థానములో నెగ్గవచ్చును, వీధిబడిలో నెగ్గలేడు.

పలుకులు వచ్చిన చిలుక గతి యేమైనదో రవీంద్రనాథ ఠాకూర్ 1918లో ప్రకటించిన తోతాకాహిని చెప్పును. రాజుగారి పక్షి పాడును, ఎగురును. శాస్త్రము మాత్రము చదువదు. విద్య చెప్పింపుమని రాజాజ్ఞ. బంగారు పంజరము వచ్చినది, పుస్తకముల ప్రతులు కొండలై పెరిగినవి, పనివారి యిండ్లు నిండినవి. పక్షి నోట కాగితములు కూరినారు. అది చచ్చినదని ఎవరును గమనింపలేదు. రాజు నొక్కి చూడగా లోపల ఎండు కాగితముల గలగల మాత్రము వినిపించినది. దీనిని ఒత్తిడి చదువుపై వ్యంగ్యముగా చదువుట వాడుక. కథలోని అసలు నేరము ఒత్తిడికి ముందే జరిగినది. పక్షికి వచ్చినదేమి యని ఎవరును అడుగలేదు; పాటను విద్య లేమిగా లెక్కించినారు. పాడు పక్షులన్నిటికి వేరొక పంజరము చేయించినను రాజు నేరము తీరదు.

గుజరాతీలో గిజుభాయి బధేకా రచించిన దివాస్వప్నము ఈ రెండు కథలకు సమాధానము వంటిది. వకీలు వృత్తిని విడిచి భావనగరములో 1920లో దక్షిణామూర్తి బాలమందిరమును నెలకొల్పిన ఆయన, ఈ కల్పిత వృత్తాంతములో ఒక సామాన్యమైన బడిని, అందులో నాల్గవ తరగతిని, ఒక్క సంవత్సరమును తీసికొన్నాడు. కథకుడైన ఉపాధ్యాయుడు పుస్తకములలో నేర్చిన మౌనక్రీడతో మొదటి దినము ఆరంభించి నవ్వులపాలైనాడు. రెండవ దినము కథ మొదలుపెట్టినాడు, తరగతి నిశ్శబ్దమైనది. క్రమముగా ఆటలు, నాటకములు, తరగతి గ్రంథాలయము వచ్చినవి. ఆ మొదటినాటి ఓటమిని దాచకుండుటయే ఈ పుస్తకమునకు ప్రాణము. సిద్ధాంతము ఎంత మంచిదైనను ఎదుట కూర్చున్న పిల్లలను చూడక ప్రయోగించిన అది మరియొక పంజరమే. ఇక్కడి బాలురకు వంశగౌరవము లేదు. వారిపై గురువునకు గల నమ్మకమునకు హేతువు వారి చెవులు, చేతులు, ఉత్సాహము.

తెలుగునాట ఒక విపరీతము జరిగినది. వ్యాకరణమును తప్పించి కథతో చదువు చెప్పిన గురువు గ్రంథము చిన్నయసూరి చేతిలో సలక్షణ గ్రాంథికమునకు మేలుబంతి యైనది. పాఠ్యపుస్తకమై తరగతి గదిలో అడుగుపెట్టగా, చిత్రాంగుని నటనను చూచి నవ్వవలసిన బాలుడు సంధులు విడదీయుచు, ప్రతిపదార్థము వల్లించుచు కూర్చున్నాడు. సూరి వచనపు సొగసు కాదనరానిది. దోషము ఆ వచనమును వాకిలిగా గాక గోడగా నిలిపిన బోధనది.

ప్రజ్ఞలు ఏడా, ఎనిమిదా, ఒకటా యను వివాదము శాస్త్రజ్ఞులది. అది ఇంకను తెగలేదు. తరగతిలోని ఉపాధ్యాయుడు ఆ తీర్పు కొరకు వేచియుండ నక్కరలేదు. నలుగురు మిత్రుల కథను చదివి వినిపింపవచ్చును, ఆడింపవచ్చును, బొమ్మ గీయింపవచ్చును, వేటకాని వైపు నుండి మరల చెప్పింపవచ్చును, అన్నియు అందరిచేతను. పిమ్మట సంధులు విడదీయించినను నష్టము లేదు. అప్పటికి బాలుడు లోపలికి వచ్చియుండును.