ఇంటి భాషలో ఆకాశం: జయంత్ నార్లీకర్ వైజ్ఞానిక కథలు

తెలుగునాటికి వెలుపల పుట్టి పెరిగిన విద్యార్థుల నుంచి మాకు తరచు ఎదురయ్యే సందేహం ఒకటుంది. ఇంట్లో మాట్లాడుకొనే తెలుగు పండుగలకూ పెళ్ళిళ్ళకూ సరిపోతుంది గాని, శాస్త్రవిషయాలకు సరిపోతుందా అన్నది ఆ సందేహం. దీనికి సిద్ధాంతరూపంలో సమాధానం చెప్పటం కన్న ఒక రచయిత జీవితాన్ని పరిశీలించటం మేలని మేము భావిస్తున్నాము. ఆయన తెలుగువాడు కాడు, మరాఠీవాడు. అయినా ఆయన సమస్య మన సమస్య వంటిదే.

జయంత్ విష్ణు నార్లీకర్ 1938 జూలై 19న కొల్హాపూరులో జన్మించారు. తండ్రి విష్ణు వాసుదేవ నార్లీకర్ కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో గణితాచార్యులు. తల్లి సుమతి సంస్కృత విదుషి. బాల్యం కాశీలో గడిచింది. బడిలో హిందీ, ఇంట్లో మరాఠీ. 1957లో కేంబ్రిడ్జి వెళ్ళి, ఫ్రెడ్ హోయిల్ వద్ద పరిశోధన చేసి, గురువుతో కలిసి గురుత్వాకర్షణను గురించిన కొత్త సిద్ధాంతాన్ని 1964లో ప్రతిపాదించారు. మరుసటి ఏడే పద్మభూషణ్ లభించింది. 1972లో స్వదేశానికి తిరిగివచ్చి బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో చేరారు. 1988లో పుణెలో ఖగోళశాస్త్ర అంతర్విశ్వవిద్యాలయ కేంద్రానికి వ్యవస్థాపక సంచాలకులయ్యారు.

ఈ వివరాలన్నీ శాస్త్రవేత్తవి. కథకుడి పుట్టుక వేరు. అహమ్మదాబాదులో ఒక సదస్సులో ఉపన్యాసం విసుగు పుట్టించగా, చేతిలోని కాగితాల మీద ఆయన మరాఠీలో కథ రాయటం ప్రారంభించారు. 'కృష్ణవివర' అనే ఆ కథను 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు పోటీకి పంపారు. తన పేరు చూసి బహుమతి ఇవ్వకూడదని, తన పొడి అక్షరాలను తిరగవేసి నారాయణ్ వినాయక్ జగ్తాప్ అన్న మారుపేరు కల్పించారు. దస్తూరీ పోల్చుకుంటారేమోనని భార్య మంగళ చేత ప్రతి రాయించారు. కథకు ప్రథమ బహుమతి వచ్చింది. అప్పటికే ప్రపంచఖ్యాతి గడించిన శాస్త్రవేత్త, తన పేరు దాచుకొని మాతృభాషలో పరీక్షకు నిలబడటం ఇక్కడ గమనించదగినది.

గురువు హోయిల్ కూడ నవలాకారుడే. ఆయన 'ది బ్లాక్ క్లౌడ్' 1957లో వెలువడింది. శిష్యుడు ఆ బాటనే పట్టినా తన కథలకు తన నేలనే ఎన్నుకొన్నారు. ఒక కథలో కుడివైపు తొండమున్న వినాయక విగ్రహం వస్తుంది. అటువంటి విగ్రహం అరుదన్నది మహారాష్ట్రలో ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి. ఒక మెలిక వేసి అతికిన కాగితపు పట్టీకి ఉన్న గణిత లక్షణాన్ని ఆధారం చేసుకొని, కుడి ఎడమలు తారుమారైతే ఏమవుతుందో, విగ్రహంతోను క్రికెట్ ఆటతోను ఆయన చూపించారు. పాఠకుడు తనకు తెలిసిన వస్తువును పట్టుకొనే తెలియని సిద్ధాంతంలోకి నడుస్తాడు. బొంబాయిలో మంచు కురిసే కథలోను బలం ఇదే. ఆ నగరంలో ఉక్కపోత ఎరిగినవాడికే ఆ మంచులోని భయం తెలుస్తుంది.

'గంగాధర్ పంతాంచే పానిపత్' అనే కథ ఇంకా ముందుకు వెళ్ళింది. పుణె నుంచి బొంబాయికి బయలుదేరిన చరిత్రాచార్యుడు, 1761 నాటి పానిపట్టు యుద్ధంలో మరాఠాలు గెలిచిన మరొక లోకంలో తేలుతాడు. వాస్తవచరిత్రలో విశ్వాసరావు ప్రాణం తీసిన తూటా, ఆ లోకంలో ఆయనను రాసుకొని పోతుంది. ఈ కథ ఆంగ్లరూపం పదకొండవ తరగతి ఆంగ్ల వాచకంలో చేరింది గనుక మన విద్యార్థుల్లో కొందరు చదివే ఉంటారు.

అయితే గుణాలతో పాటు లోపాలనూ చెప్పాలి. ఇదే కథ చివరిభాగంలో ఒక మిత్రుడు కూర్చొని అణుభౌతిక సూత్రాలను వివరిస్తాడు. అక్కడ కథ ఆగి పాఠం మొదలవుతుంది. నార్లీకర్ పాత్రలు తరచు ఒక ఆలోచనను మోసే వాహనాలే గాని, వాటికి సొంత మనసు తక్కువ. 'ధూమకేతు' కథనే తీసుకొందాం. తోకచుక్కను కనుగొన్న దత్తా ఒకవైపు, అది అరిష్టమని భయపడే భార్య ఇంద్రాణి మరొకవైపు. శాస్త్రజ్ఞులు అణ్వాయుధంతో దాని దారి మళ్ళిస్తారు. ఇంట్లో జరిగిన యజ్ఞానికే ఆ ఘనత చెందిందని ఆమె నమ్ముతుంది. ఒకే ఇంటిలో రెండు యుగాలు కాపురముండటాన్ని ఈ కథ చురుగ్గా చూపింది. కాని వివేకమంతా భర్తకు, మూఢత్వమంతా భార్యకు పంచటం మాకు తేలిక మార్గంగా తోస్తున్నది. సంస్కృత విదుషి కుమారుడు, గణితవేత్త అయిన మంగళ భర్త ఇంకొంచెం చిక్కటి ఇంద్రాణిని సృష్టించగలిగేవారే.

ఇన్ని పరిమితులున్నా ఆయన కృషిని మరాఠీ సాహిత్యలోకం తనదిగా స్వీకరించింది. కాశీ, కేంబ్రిడ్జి, ముంబై, పుణె నగరాల జ్ఞాపకాలైన ఆత్మకథకు 2014లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. 2021లో నాసిక్‌లో జరిగిన అఖిల భారత మరాఠీ సాహిత్య సమ్మేళనానికి ఆయన అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. అనారోగ్యం వల్ల స్వయంగా వెళ్ళలేకపోయారు. 2025 మే 20న పుణెలో కన్నుమూశారు.

మొదటి సందేహానికి తిరిగి వద్దాం. నార్లీకర్‌కు మరాఠీ సిద్ధంగా దొరికిన శాస్త్రభాష కాదు. వాడగా వాడగా అది కథల్లో శాస్త్రం మోయగలిగింది. ఆయన 'కృష్ణవివర' అన్నదాన్ని మనం 'కృష్ణబిలం' అంటున్నాము. ధూమకేతువుకు మనకు 'తోకచుక్క' అన్న చక్కని మాట ఎప్పటినుంచో ఉన్నది. మాటలు లేక కాదు, వాటితో పని చేయించేవారు తక్కువై మన భాష చిన్నబోతున్నది.

షోలాపూరులోను, పుణెలోను చదివే మన విద్యార్థులకు మరాఠీ మూలం చేతికందే దూరంలోనే ఉన్నది. ఒక్క కథను తెలుగు చేయటానికి పూనుకొంటే, ఏ మాట ఇంట్లోనే దొరికింది, ఏది వెతుక్కోవలసి వచ్చింది, ఏది కొత్తగా చేసుకోవలసి వచ్చింది అన్నది వారికే తెలుస్తుంది. ఆ మూడు పట్టికలను ఎవరైనా తయారు చేసి తెస్తే, వారితో కూర్చొని చర్చించటానికి మేము సిద్ధంగా ఉన్నాము.