ముందు ఆట, తర్వాతే సముద్రం

"ప్రోగ్రాం సాయంత్రం కదా మేస్టారూ, పొద్దున్నే పిల్లల్ని బీచికి తిప్పి తీసుకొచ్చేస్తాం." అండమాన్ ప్రయాణం అనుకున్న ప్రతిసారీ ఎవరో ఒక తల్లో తండ్రో ఈ మాట అంటారు. నేను ప్రతిసారీ వద్దంటాను. దీవికి వెళ్ళే నర్తకులకు నేను చెప్పే సలహాలన్నిటిలోకీ ముందుది ఇదే. ఆట అయ్యేదాకా సముద్రం జోలికి పోవద్దు. అయ్యాక రెండు రోజులు ఎక్కువుండి తనివితీరా చూడండి.

జనవరిలో మా జంషెడ్‌పూర్‌ది పొడి చలి. తెల్లవారుజామున 10 డిగ్రీల దగ్గరుంటుంది. పెదాలు పగులుతాయి. క్లాసులో పిల్లల ఒళ్ళు వేడెక్కడానికే కాసేపు ఉత్త అడుగులు వేయించాలి. అదే నెలలో పోర్ట్ బ్లెయిర్‌లో మధ్యాహ్నం 30 డిగ్రీలు, గాలి నిండా తేమ. ఇక్కడ చెమట పట్టినంతలో ఆరిపోతుంది, అక్కడ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. ఆరకుండా కారిపోతుంటే నీరూ పోతుంది, ఉప్పూ పోతుంది, వేడి మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. పట్టు కట్టి, సవరం పెట్టి, నడుముకు వడ్డాణం బిగించి గంటసేపు ఆడే పిల్లకు ఇది చిన్న విషయం కాదు. పళ్ళెం అంచుల మీద ఆడే కూచిపూడి తరంగం మధ్యలో పిక్క పట్టేసిన పిల్లను నేను చూశాను. ఆ పూట ఆమె ఏమీ తినలేదు, పొద్దుటంతా నీళ్ళలో ఆడింది.

కొత్త వేడికి శరీరం పూర్తిగా అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు కావాలి. అంత సెలవు బడిపిల్లలకు ఎవరిస్తారు? కనీసం ప్రదర్శనకు రెండు రోజుల ముందైనా చేరుకోండి. మొదటిరోజు నడక, కాస్త అడుగుల సాధన చాలు. రెండోరోజు సగం కార్యక్రమం ఆడించండి, వేషం లేకుండా. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగించండి. ఉప్పేసిన మజ్జిగ, కొబ్బరినీళ్ళు, ఓఆర్ఎస్ పొట్లాలు దగ్గరుండాలి. ప్రదర్శనకు రెండు మూడు గంటల ముందు పెరుగన్నం పెడితే చాలు.

అంశాల వరస కూడా మార్చుకోవాలి. తరంగాన్ని చివర్న ఉంచడం మన అలవాటు. దీవిలో మాత్రం దాన్ని రెండో అంశంగా పెట్టమంటాను. ఒళ్ళు వేడెక్కి ఉంటుంది, ఇంకా అలసి ఉండదు, అరికాలు చెమటతో నానిపోయి ఉండదు. పళ్ళెం అంచుల్ని వేళ్ళతో పట్టుకోవాల్సిన పాదం తడిగా ఉంటే ఎంత సాధనున్నా జారుతుంది. పళ్ళెం ఎక్కేముందు అరికాళ్ళు పొడిగుడ్డతో తుడుచుకోవాలని పిల్లలకు ఇక్కడే నేర్పండి. వేదిక మీద తివాచీ పరిచి ఉంటే ఆ భాగం తీయించండి, ముడత పడితే పళ్ళెం అక్కడే ఆగిపోతుంది.

మాకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో సరాయికేలా ఉంది. అక్కడి ఛౌ నర్తకులు ముఖం పూర్తిగా కప్పే ముసుగుతో ఆడతారు. ఊపిరి కష్టం కాబట్టి ఒక్కో అంశాన్ని చిన్నదిగా కట్టుకున్నారు, ఆ చిన్నదాంట్లోనే కథంతా చెప్పేస్తారు. ఈ ఆటనే 1938లో యూరప్ తీసుకెళ్ళి ఆడి వచ్చారు. ఒంటి శక్తినిబట్టి నిడివి తగ్గిస్తే కళకు లోటు రాదని చెప్పడానికి నాకు ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం లేదు. అండమాన్‌లో ఒక్క నర్తకితో గంటన్నర ఆడించాలని పట్టుబట్టే గురువులు ఒకసారి సరాయికేలా వెళ్ళి రావాలి.

ఇక ప్రయాణం. పొద్దున్న స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నం కాకముందే హౌరా. కానీ అదే రోజు విమానం అందుకుందామనుకోకండి. పోర్ట్ బ్లెయిర్ విమానాలు ఎక్కువగా పొద్దుటిపూటే ఉంటాయి కాబట్టి రాత్రి కోల్‌కతాలో బస తప్పదు. పైగా జనవరిలో కోల్‌కతాలో పొగమంచు. ప్రదర్శన రోజునే దిగేలా టికెట్లు కొంటే ఆటను ఆ పొగమంచు చేతుల్లో పెట్టినట్టే. విమానం రెండు గంటల పైచిలుకు. ఓడలు కోల్‌కతా, చెన్నై, విశాఖపట్నాల నుంచి ఉన్నాయి గానీ రెండు మూడు రోజులు పడుతుంది, కడుపులో తిప్పుతుంది. ఆట ముగించుకుని తిరిగొచ్చేటప్పుడు ఓడ సరదా తీర్చుకోవచ్చు. 2024లో పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురం చేశారు, హేవ్‌లాక్ దీవిని అంతకుముందే స్వరాజ్ ద్వీప్ చేశారు. టికెట్ల మీద రెండు పేర్లూ కనబడతాయి, కంగారుపడొద్దు.

దేశంలోపలి విమానాల్లో సాధారణంగా మనిషికి 15 కిలోల పెట్టె, చేతిలో 7 కిలోల సంచి. ఇత్తడి పళ్ళేలు, నగలు, పట్టుబట్టలు కలిపితే 15 కిలోలు ఇట్టే నిండుతాయి. గజ్జెలు మాత్రం నేను చేతిసంచిలోనే పెట్టిస్తాను. పెట్టె రాకపోతే బట్టలు అరువు తెచ్చుకోవచ్చు, అలవాటైన గజ్జెలు ఎవరిస్తారు? భద్రతా తనిఖీలో తప్పకుండా సంచి విప్పమంటారు, ఆ సమయం కలుపుకుని బయల్దేరండి. కత్తెర, పెద్ద సూదులు పెట్టెలోకే.

గజ్జెలకు దీవి గాలి పడదు. తోలుపట్టీ చెమటతో తడుస్తుంది, తడిగానే సంచిలో పెడితే తెల్లటి బూజు పడుతుంది, ఉప్పుగాలికి మువ్వలు నల్లబడతాయి. ఆట అవగానే పొడిగుడ్డతో ఒక్కో వరసా తుడిచి ఫ్యాను కింద పరచాలి. పట్టుబట్టలూ అంతే. రాత్రికి రాత్రి మడత పెట్టేస్తే మర్నాటికి వాసన, మరక. ఎండలో వేయొద్దు, గాలికి ఆరేయండి. మృదంగం తోలు తేమకు సాగి శ్రుతి దిగిపోతుంది. దాన్ని ఏసీ గదిలో ఉంచి నేరుగా ఆరుబయటి వేదిక మీదికి తెస్తే మొదటి అంశంలోనే మళ్ళీ సరిచేసుకోవాల్సి వస్తుంది. గంటముందే వేదిక దగ్గర పెట్టించండి, అక్కడి గాలికి కుదురుకున్నాకే శ్రుతి చేయాలి.

సముద్రం గురించి నా పంతానికి అసలు కారణం పాదాలు. కొన్ని బీచుల్లో ఇసుక ఈగలుంటాయి. చీలమండల చుట్టూ కుడతాయి, సరిగ్గా గజ్జెలు కట్టేచోట. రోజుల తరబడి దురద. గోకితే పుండు, పుండు మీద తోలుపట్టీ. నీళ్ళలో పగడపు రాయి గీరితే గాయం చిన్నదే, మానడానికి చాలా రోజులు పడుతుంది, చీము పడుతుంది. వెంటనే మంచినీళ్ళతో, సబ్బుతో కడిగి మందు రాయాలి, టీటీ సంగతి డాక్టరును అడగాలి. జి.బి. పంత్ ఆసుపత్రి పోర్ట్ బ్లెయిర్ ఊళ్ళోనే ఉంది. నీళ్ళలో దిగేటప్పుడు రబ్బరు చెప్పులు విప్పనివ్వకండి. పగడం ముక్కలు ఏరి సంచిలో వేసుకోవడం వన్యప్రాణి చట్టం కింద నేరం, విమానాశ్రయంలో పట్టుకుంటారు.

మనవాళ్ళు అక్కడ చాలామంది. 2011 జనగణనలో అండమాన్ నికోబార్‌లో ప్రతి వందమందిలో 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళిన జాలర్లను జంగ్లీఘాట్‌లో చూడొచ్చు. అటువైపు నుంచే మా తాతల తరం టాటా కంపెనీ పనికి జంషెడ్‌పూర్ వచ్చింది. మా ఊరి బిష్టుపూర్ రామమందిరంలో వినబడే యాసే అక్కడి చేపల రేవులోనూ వినబడుతుంది. ఇంకో చుట్టరికం కూడా ఉంది. 1918 నుంచి మా వైపు ఛోటానాగ్‌పూర్ ఆదివాసుల్ని అడవిపనికి అక్కడికి తీసుకెళ్ళారు. వాళ్ళ వారసుల్ని ఇప్పటికీ రాంచీవాళ్ళనే అంటారు. ప్రేక్షకుల్లో ఇక్కడి సాద్రీ భాష మాట్లాడే పెద్దలుంటే ఆశ్చర్యపోకండి, మా ఊరి పిల్లలు వాళ్ళను సాద్రీలో పలకరిస్తే ఎంత సంతోషిస్తారో! మన ఆటను వాళ్ళకు చూపినట్టే వాళ్ళ పాటా ఒకటి విని రండి.

ఒక్క చోటికి మాత్రం వెళ్ళొద్దని గట్టిగా చెబుతాను. బారాటాంగ్ వెళ్ళే రోడ్డు జారవా ఆదివాసుల అడవి మధ్యగా పోతుంది. పర్యాటకుల కోసం జారవా స్త్రీలచేత ఆడిస్తున్న వీడియోను 2012లో బ్రిటన్ పత్రిక 'అబ్జర్వర్' బయటపెట్టింది, దేశమంతా తలదించుకుంది. 1956 నాటి రక్షణ నిబంధన ఉన్నా జరిగిన పని అది. నాట్యం నేర్చుకుంటున్న పిల్లలు, ఇష్టం లేనివాళ్ళచేత ఎవరో తినుబండారం చూపించి ఆడించిన దారిలో వాళ్ళను చూడటానికి బస్సెక్కడం నాకు సమ్మతం కాదు. బారాటాంగ్ గుహలూ మట్టి అగ్నిపర్వతమూ చూడకపోతే పోయిందేమీ లేదు.

ఈ చలికాలం పిల్లల్ని తీసుకెళ్ళే గురువులు టికెట్లు కొనకముందే నిర్వాహకులను అడగండి: వేదిక కప్పు కిందా, ఆరుబయటా? ఆరుబయటయితే సాయంత్రం 5 దాటాకే మొదలుపెట్టాలని రాయించుకోండి. జనవరిలో అక్కడ ఐదుంపావుకల్లా పొద్దు గూకుతుంది, నేల కాస్త చల్లబడ్డాకే పిల్లలు ఉత్తకాళ్ళతో దాని మీద నిలబడగలరు.