పిల్లలమర్రికి సెలైన్ ఎక్కించిన పనితనం

2017 డిసెంబరులో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. ఏడు వందల ఏళ్ల వయసుంటుందని తరతరాలుగా చెప్పుకుంటున్న చెట్టు అది. దాదాపు మూడెకరాల మేర నీడ పరుస్తుంది. కొమ్మ పడ్డాక అసలు సంగతి బయటపడింది. చెదలు లోపలంతా తొలిచేశాయి. ఆ నెల 20 నుంచి సందర్శకులను ఆపేసి అటవీశాఖ వైద్యం మొదలుపెట్టింది. మరుసటి వేసవికల్లా కొమ్మకొమ్మకూ సెలైన్ సీసాలు వేలాడుతున్న ఆ మర్రి ఫొటోలు విదేశీ పత్రికల్లో కూడా అచ్చయ్యాయి. చెట్టుకు సెలైనా అని చాలామంది ఆశ్చర్యపోయారు. పచ్చికైనా చెట్టైనా, పచ్చదనాన్ని చూసుకునే వృత్తిలో పనిమంతుడు ఎవరో తెలుసుకోవాలంటే ఆ సీసాల దగ్గరే కాసేపు ఆగాలి.

నిజానికి మందు కంటే ముందు జరిగిన పని గేటు మూయడం. చెట్టుకు నీళ్లూ పోషకాలూ అందించే సన్నని వేళ్లు చాలావరకు నేల పైపొరలోనే, అడుగు రెండడుగుల లోతులో ఉంటాయి. వాటికి నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. వందలమంది తిరిగే చోట మట్టి అణిగి గట్టిపడుతుంది. వాన నీరు దిగదు, గాలి ఆడదు. పైగా వంగిన కొమ్మ కనిపిస్తే ఎక్కి ఊగేవాళ్లుంటారు. జిల్లాకంతటికీ పేరు తెచ్చిన చోటును మూసెయ్యాలంటే అధికారులకు ధైర్యం కావాలి. జబ్బుపడ్డ చెట్టుకు ముందు విశ్రాంతి ఇవ్వాలని గుర్తించడం మంచి వైద్యుడి లక్షణం.

ఇక మందు సంగతి. వాడినది క్లోరిపైరిఫాస్. పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ రైతులకు కొత్త పేరేమీ కాదు. ఇళ్ల పునాదుల్లో చెదలు పట్టకుండా పోసేదీ అదే. దాన్ని చెట్టు లోపలికి పంపడమెలా అన్నదే చిక్కు. మొదట కాండానికి రంధ్రాలు చేసి మందు పోశారు. పోసిన మందు పోసినట్టే బయటికి కారిపోయింది. అక్కడ పనివాళ్లు మందు మోతాదు పెంచలేదు, రంధ్రాలు పెద్దవి చెయ్యలేదు. వేగం తగ్గించారు. ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టే, నీళ్లు కలిపి పలచన చేసిన మందును సీసాలో నింపి, గొట్టం చివర సూదిని రంధ్రంలో అమర్చి, చుక్కచుక్కగా వదిలారు. కొమ్మ పొడవునా రెండు మీటర్లకు ఒకటి చొప్పున వందల సీసాలు కట్టారు. ఆనాటి జిల్లా అటవీ అధికారి చుక్కా గంగారెడ్డి ఆధ్వర్యంలో ఈ పని సాగింది.

చెప్పుకోవడానికి రెండు ముక్కలే. చెయ్యడంలో ఎంత పనితనం ఉందో ఆలోచించండి. చెట్టులో జీవమంతా బెరడు కింది పలచని పొరలోనూ, దాని వెనకున్న లేత కట్టెలోనూ ఉంటుంది. నడిమి చేవ చెట్టును నిలబెడుతుందే గాని, నీళ్లు మోయదు. చెదలు ఎక్కువగా తినేది ఎండిన బెరడును, చనిపోయిన కట్టెను. కాబట్టి రంధ్రం మరీ పైపైన ఉంటే మందు చెదల దారికి చేరదు. అక్కర్లేని చోట చేస్తే, బతికున్న భాగానికి మనమే గాయం చేసినట్టు. చేసిన ప్రతి రంధ్రమూ చెట్టు ఓర్చుకోవలసిన గాయమే. చుక్క పడే వేగం పెరిగితే మందు బెరడు మీదుగా కారిపోతుంది, మరీ తగ్గితే రంధ్రంలోనే ఆగిపోతుంది. పాలు కారే చెట్టు కాబట్టి సూది మూసుకుపోకుండా చూసుకోవాలి. ఖాళీ అయిన సీసాను మార్చాలి. ఇన్ని వందల సీసాలను రోజూ ఎండలో తిరుగుతూ కనిపెట్టుకుని ఉండటమే ఆ వైద్యంలో పెద్ద భాగం. ఫొటోల్లో సీసాలే కనిపిస్తాయి, వాటి మధ్య తిరిగే మనుషులు కనిపించరు.

చెట్టెక్కిన చెదలను చంపితే సరిపోదు. వాటి గూడు ఎక్కువగా నేలలో ఉంటుంది. బెరడు మీద మట్టితో కట్టుకున్న సన్నని దారి ఆ గూటికీ చెట్టుకీ మధ్య రాకపోకల కోసం. అందుకే మొదళ్ల చుట్టూ కూడా పలచని మందునీళ్లు పోశారు. జబ్బు పైన కనిపించినా, దాని మూలం కింద ఉంటుందన్న ఎరుక ఈ వృత్తి మొత్తానికి పునాది.

పచ్చిక పెంచేవాళ్ల దగ్గరా ఇదే చూస్తాం. నల్లగొండ చుట్టుపక్కల చెలక నేలల్లో పచ్చిక వేస్తే మొదటి శత్రువు తుంగ. పైన ఆకు పీకి పారేసే పనివాడికి వారం తిరక్కముందే మళ్లీ అదే పని. భూమిలో ఒకదానికొకటి దారంలాంటి కాడతో ముడిపడిన గడ్డలు ఉన్నంతకాలం తుంగ మొలుస్తూనే ఉంటుంది. పని తెలిసిన మాలి తవ్వి గడ్డ తీస్తాడు. అసలు పచ్చిక వెయ్యకముందే నేలను తడిపి, తుంగను మొలవనిచ్చి, గడ్డలతో సహా ఏరేస్తాడు. పూర్తిగా మాగని పశువుల ఎరువును నేలలో కలపనివ్వడు, దాంతోపాటు కలుపు విత్తనాలు వస్తాయి కాబట్టి. ఎండలు ముదిరితే పచ్చికను పొట్టిగా కోయడు. ఏ కోతలోనూ మూడో వంతుకు మించి తియ్యడు. కోత యంత్రం బ్లేడు మొద్దుబారితే గడ్డి కొసలు చీలి గోధుమరంగుకు తిరుగుతాయని తెలుసు, ముందు బ్లేడుకు సాన పట్టిస్తాడు. చెలకలో తేమ త్వరగా ఆరిపోతుంది. అయినా రోజూ పైపైన చల్లి సరిపెట్టడు. ఆగి ఆగి లోతుగా తడిపితే వేరు కిందికి దిగుతుంది, పైపై తడికి వేరు పైనే ఉండిపోతుంది.

మళ్లీ మర్రి దగ్గరికి వద్దాం. బరువుకు వాలిన కొమ్మలకు కింద సిమెంటు స్తంభాలు కట్టారు. అవసరమైన పనే. అయితే మర్రికి తనదైన స్తంభం ఒకటుంది, ఊడ. కొమ్మ నుంచి సన్నగా వేలాడే ఊడ నేలను తాకి వేరూనితే, ఏళ్లు గడిచేకొద్దీ మానులా లావెక్కి కొమ్మ బరువును తనే మోస్తుంది. నేల చేరేదాకా మాత్రం అది చిన్నపిల్లవాడు లాగినా తెగేంత లేత. పశువు కొరికినా పోతుంది. మర్రిని పెంచే చేతులు ఆ లేత ఊడను వెదురు గొట్టంలోకో పైపులోకో దించి, మట్టీ ఎరువూ నింపి, తడి ఆరకుండా చూస్తూ నేల దాకా నడిపిస్తాయి. సిమెంటు స్తంభం నెలలో నిలబడుతుంది, ఊడ స్తంభం కావడానికి ఏళ్లు పడుతుంది. పెంచినవాడు రిటైరయ్యాక గాని దాని మీద బరువు పడదు. అయినా శ్రద్ధగా పెంచేవాడిని నేను ఈ వృత్తిలో అందరికంటే పైన నిలబెడతాను.

ఊడల బలం ఎంతటిదో కోల్‌కతా పక్కనున్న హౌరాలోని మహావటవృక్షం చెబుతుంది. 1864, 1867 తుఫాన్లలో దెబ్బతిని, బూజు తెగులు సోకిన దాని మూల కాండాన్ని 1925లో కోసేశారు. మాను లేని ఆ మర్రి ఈనాటికీ మూడు వేలకు పైగా ఊడల మీద నిలిచి పెరుగుతూనే ఉంది. మన కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను తన విస్తీర్ణంతో 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. అంతంత విస్తీర్ణం ఊడల చలవే.

పిల్లలమర్రి ఆవరణలోనే, శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి విప్పి తెచ్చి తిరిగి కట్టిన పాత గుడి ఉంది. రాయిని మరోచోటికి తేగలిగారు. ఏడు వందల ఏళ్ల చెట్టును ఎక్కడికీ తీసుకుపోలేం, ఉన్నచోటే బతికించుకోవాలి.

అలా బతికించేది మనుషుల చేతులే. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలకు మట్టి మోశారు. ఆ చేతుల్లోని నేర్పును మనం ఇప్పటికీ కూలి లెక్కలోనే చూస్తున్నాం. మాలి పనినీ అంతే. మున్సిపాలిటీలూ కాలేజీలూ పార్కుల పనిని తక్కువ ధర కోట్ చేసినవాడికి ఇచ్చి, ఏటా మనుషుల్ని మారుస్తుంటాయి. ఏ చెట్టుకు ఏ వైపు చెద వస్తుందో, ఏ మూల నీరు నిలుస్తుందో తెలిసిన మనిషిని పంపేసి కొత్త యంత్రం కొంటే ఒరిగేదేమీ లేదు. చెట్టును చూసుకునే మనిషిని ఏళ్ల తరబడి ఒకే చోట ఉంచాలి, నేర్పుకు తగ్గ జీతం ఇవ్వాలి, కొత్తవాళ్లను ఆయన వెంట తిరగనివ్వాలి.

మహబూబ్‌నగర్ వైపు వెళ్తే పిల్లలమర్రిని తప్పక చూడండి. కంచె ఇవతల నుంచే చూడండి. వేలాడే లేత ఊడను పట్టుకోవడానికి పిల్లలు కంచె దాటబోతే ఆపండి. ఈ చెట్టును కొందరు చుక్కచుక్కగా మందు ఎక్కించి కాపాడారని వాళ్లకు చెప్పండి.