బరువంతా కాలి మీదే

రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 బరువు 191 కిలోలు. అంత బండికి డబుల్ స్టాండ్ వేయాలంటే కండలుండాలనుకుని, ఏళ్ల తరబడి సైడ్ స్టాండ్‌తోనే సరిపెట్టుకునేవాళ్లున్నారు. నడుం పట్టేసేలా బండిని పైకి లాగే దృఢమైన కుర్రాళ్లను చూస్తుంటాను. పక్కనే బక్కపలచటి మెకానిక్ అదే బండిని ఒక్క తొక్కుడుతో నిలబెట్టేస్తాడు. ఆ పని చేతులది కాదు.

ఎడమ పక్కన నిలబడి, ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చెయ్యి వెనక గ్రాబ్ రైల్ మీద వేయాలి. ముందు బండిని నిటారుగా తేవాలి. కుడికాలితో స్టాండ్‌ను మెల్లగా కిందికి నొక్కితే దాని కాళ్లు నేలకు తగులుతాయి. ఇక్కడ తొందర పనికిరాదు. ఒక కాలే ఆనినప్పుడు తొక్కితే బండి ఒరుగుతుంది. రెండూ ఆనాయని పాదానికి తెలిశాక ఒంటి బరువంతా దానిమీద మోపండి, బండి వెనక్కి జరుగుతూ పైకి లేస్తుంది. చేతులు అదుపు కోసమే. మొదట్లో కష్టంగా ఉంటే వెనక చక్రం కింద పల్చటి చెక్క వేసుకోవచ్చు.

ఇంత పట్టుదల ఎందుకంటే, చైన్ కోసం. వెనక చక్రం గాలిలో ఉంటే, ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో చేత్తో తిప్పుతూ ప్రతి లింకునూ చూడొచ్చు, తుడవొచ్చు, లూబ్ వేయొచ్చు. ఇంజిన్ నడుస్తుండగా గుడ్డ పెట్టి తుడిచేవాళ్లను చూస్తే నాకు భయం. స్ప్రాకెట్‌లో పడితే వేళ్లు పోతాయి. ఆయిల్ మట్టం కూడా బండి నిటారుగా ఉన్నప్పుడే నిజం చెబుతుంది. ట్యూబ్ టైరున్న క్లాసిక్ లాంటి బండికి హైవే మీద వెనక పంక్చరైతే సాధారణంగా చక్రం విప్పాల్సి వస్తుంది, స్టాండ్ లేకపోతే రాళ్లు వెతుక్కోవాలి.

అయితే అన్ని బండ్లకూ ఇది ఉండదు. హార్లే క్రూయిజర్లకు సాధారణంగా డబుల్ స్టాండ్ రాదు. నేలకు అంత దగ్గరగా ఉండే బండి మలుపులో వాలితే కింద వేలాడేదేదైనా రోడ్డుకు రాసుకుంటుంది, కారణం న్యాయమైనదే. గ్యారేజీలో జాకీ ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. మన ఊళ్లలో ఇంటిముందే చైన్ చూసుకునేవాళ్లు మాత్రం కొనేముందు బండి కిందికి వంగి చూడాలి.

మెత్తటి మట్టిలో స్టాండ్ దిగబడుతుంది, కింద చదును బండ పెట్టండి. ఏటవాలు నేల మీద అసలు వేయొద్దు. దించేటప్పుడు బండి ఒక్క ఊపున ముందుకొస్తుంది కాబట్టి, ఆ లోపే ముందు బ్రేకు వేళ్లకు అందేలా ఉండాలి.